మొదటి మంచు రోజు సెల్ఫ్ చప్పుడు

బండి స్టార్ట్ కాకపోతే ఎవరైనా చేసే మొదటి పని మళ్లీ తాళం తిప్పడం. రెండో పని బండిని తిట్టడం. మూడోది మా షెడ్డుకి ఫోన్ చెయ్యడం. ఆ మూడో పని మీద న్యూజెర్సీలో ఇరవై నాలుగేళ్లు బతికి, పోయినేడాది రిటైరయ్యాను. నా తర్వాత నా బల్ల దగ్గర కూర్చున్న శ్రావణి, తెలిసిందంతా రాసిపెట్టమని ఆర్నెల్లుగా నా ప్రాణం తీస్తోంది. "యూట్యూబ్‌ల అన్నీ ఉన్నయి అంకుల్, మీరు చేసిన తప్పులు మాత్రం లేవు" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, నచ్చింది కూడా. అందుకే రాస్తున్నాను.

నాది ఒకటే పని. పాత కార్ల సెల్ఫ్ మోటార్లు విప్పి, శుభ్రం చేసి, అరిగినవి మార్చి, నూనె పెట్టి మళ్లీ బిగించడం. ఇక్కడివాళ్లు దాన్ని స్టార్టర్ అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో నోటికి అంటుకున్న మాట కాబట్టి నాకది ఎప్పటికీ సెల్ఫే.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటుతో ఒక చిన్న మోటార్ తిరుగుతుంది. దాని ఇరుసు మీద మరలాంటి గాడి ఉంటుంది, ఆ గాడి మీద ఒక పళ్లచక్రం ఉంటుంది. దాన్ని బెండిక్స్ అంటాం. పాత బండ్లలో, మోటార్ తిరిగిన ఊపుకే బెండిక్స్ గాడి మీద జారి ముందుకొచ్చి, ఇంజన్ పెద్ద చక్రాన్ని పట్టుకుని ఒక్క తోపు తోస్తుంది. ఇంజన్ అందుకోగానే వెనక్కి వెళ్లిపోతుంది. అంతా కలిపి రెండు క్షణాల పని. ఆ రెండు క్షణాలూ సరిగ్గా జరక్కపోతే ఎంత గొప్ప బండైనా వాకిట్లో ఇనుప సామానే.

మస్తాన్ గారి గ్రీజు

నాకు పని నేర్పింది ఆటోనగర్‌లో మస్తాన్ గారు. లారీల దగ్గర్నుంచి అంబాసిడర్ల దాకా ఆయన చెయ్యి పడని సెల్ఫ్ లేదు. "పెళ్లిలో నెయ్యి దగ్గరా, బండిలో గ్రీజు దగ్గరా పిసినారితనం పనికిరాదురా" అనేవాడు. బెండిక్స్ గాడి కనపడకుండా గ్రీజు మెత్తితేగానీ ఆయనకి మనసొప్పేది కాదు. బెజవాడలో అది చెల్లింది. అక్కడి ఎండకి గ్రీజు దానంతటదే కరిగి జారుతుంది. పైగా రోడ్డు దుమ్ముని ఎంతో కొంత ఆపుతుంది. ఆయన్ని తప్పు పట్టను. ఆయన వాతావరణానికి ఆయన సరిగ్గానే చెప్పాడు.

మా ఆవిడ అరుణ నర్సు. ఆమె ఉద్యోగం మీద అమెరికా వచ్చాం. నేను ఆమె సూట్‌కేసులతో పాటు వచ్చిన ఇంకో సూట్‌కేసుని. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ చుట్టూ తెలుగువాళ్లే, అందరూ సాఫ్ట్‌వేరే. వారాంతం భోజనాల్లో కొత్తగా పరిచయమైనవాళ్లు ప్లేటు పట్టుకుని, "మీరు ఏ టెక్నాలజీ అండీ?" అని అడిగేవారు. గ్రీజు అని చెప్పేవాణ్ని. కొందరు నవ్వేవారు, కొందరు ప్లేటులో ఇంకొంచెం పప్పు వేయించుకుని వస్తామని పక్కకి తప్పుకునేవారు. అదే జనం జనవరిలో కారు మొరాయిస్తే నా నంబర్ వెతుక్కునేవారు. ఈ పనిలోకి వచ్చే తెలుగు పిల్లలకి ముందే చెబుతున్నాను, ఈ చిన్నచూపు ఉంటుంది. బాధ ఉంటుంది, కానీ మొదటి రెండేళ్లే.

వాల్ట్ చుక్కలు

నాకు పనిచ్చిన షెడ్డు యజమాని వాల్ట్‌కి అప్పటికే అరవై ఐదు. నా పేరు వెంకటేశ్వర్రావు. అతని నోరు తిరగక వెంకీని చేశాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. బల్ల మీద మందుల షాపులో దొరికే డ్రాపర్ సీసా ఒకటి ఉండేది, అందులో పల్చటి నూనె. ఇరుసు రెండు చివర్లా ఆనుకునే ఇత్తడి బుష్‌లకి చెరో చుక్క. బెండిక్స్ గాడిని శుభ్రంగా తుడిచి, నూనె అంటిన గుడ్డతో ఒక్కసారి రుద్దేవాడు. అంతే. మోటార్‌లోకి కరెంటు అందించే కార్బన్లు ఆనే రాగి చోట ఆ గుడ్డని కూడా తగలనిచ్చేవాడు కాదు. నూనె పడితే అక్కడ మసి చేరి కరెంటు పట్టదని ఒకసారి చెప్పాడు, అది ఆ రోజుకి పది మాటలూ అయిపోయినట్టే.

అతని చుక్కలు చూసి నాకు నవ్వొచ్చేది. ఇంత పెద్ద దేశంలో ఇంత పిసినారితనమా అనుకున్నాను. కస్టమర్లు డబ్బిస్తున్నారు కదా, వాళ్ల బండికి నాలుగు వేళ్ల గ్రీజు పెట్టలేమా అని నా బాధ. వాల్ట్ భోజనానికి వెళ్లినప్పుడు నేను నా డబ్బా తీసి, తయారైన సెల్ఫ్‌లకి మస్తాన్ గారి పద్ధతిలో గ్రీజు మెత్తేవాణ్ని. ఎవరికీ చెప్పకుండా ఉపకారం చేస్తున్నానని పొంగిపోయాను. నా అదృష్టం, అలా చేసినవి మూడే. రెండు బండ్లు గరాజుల్లో ఉండేవి కాబట్టి బయటపడలేదు. మూడోది డొరతీ గారి బండి.

డొరతీ గారి వాకిలి

డొరతీ గారికి అప్పుడు అరవై దాటాయి. పొడుగు వెనక భాగం ఉన్న పాత స్టేషన్ వ్యాగన్, గరాజు లేని ఇల్లు, బండి ఎప్పుడూ వాకిట్లోనే. ఆమె భర్త రాల్ఫ్‌కి కిడ్నీలు పోయాయి. మంగళ, గురు, శనివారాలు పొద్దున ఆరింటికి డయాలిసిస్. అయిదున్నరకి బండి స్టార్ట్ కావాలి, అది ఆ ఇంటి లెక్క. వేరే రాష్ట్రంలో ఉన్న కూతురికి ఇదంతా ఇష్టం లేదు. ఈ వయసులో ఈ బండితో ఈ తిరుగుడేమిటి, నాన్నని నర్సింగ్ హోమ్‌లో చేర్చేద్దాం అని పోరుపెట్టేది. బండి నడిచినన్నాళ్లూ మీ నాన్న నా ఇంట్లోనే ఉంటాడని డొరతీ గారి జవాబు. సెల్ఫ్ బాగుచేయించడానికి వచ్చినప్పుడు ఈ సంగతి ఆమే నాకు చెప్పింది. అందుకే ఆమె బండికి ఇంకో రెండు వేళ్లు ఎక్కువే పెట్టాను.

అక్టోబర్, నవంబర్ బాగానే గడిచాయి. డిసెంబర్‌లో ఒక మంగళవారం బండి స్టార్ట్ కాలేదు. మోటార్ కుయ్యిమని తిరుగుతోంది, ఇంజన్ కదలడం లేదు. టాక్సీ పిలిచి గంట ఆలస్యంగా వెళ్లారు. బండిని లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు. షెడ్డులో హీటర్లు ఉంటాయి. నేను వేరే పని ముగించుకుని రెండు గంటల తర్వాత తాళం తిప్పాను. ఒక్క దెబ్బకి అందుకుంది. పదిసార్లు తిప్పాను, పదిసార్లూ అందుకుంది.

వాల్ట్ దగ్గరికొచ్చి కారణం దొరికిందా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. కారణం దొరక్కపోవడం వేరు, కారణం లేకపోవడం వేరు. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదు. డొరతీ గారికి ఫోన్ చేసి, బండి బ్రహ్మాండంగా ఉంది, మీరు తాళం తొందరగా వదిలేస్తున్నారేమో అన్నాను. నా వృత్తిలో నేనన్న మాటల్లో ఇవాళ్టికీ సిగ్గుపడేది ఆ ఒక్కటే.

గురువారం చలి కాస్త తగ్గి బండి స్టార్టయింది. శనివారం చలి ఇంకా ముదిరింది. బండి మళ్లీ మొరాయించింది. ఈసారి టాక్సీ కూడా దొరకలేదు, డయాలిసిస్ తప్పిపోయింది. ఆమె షెడ్డుకి ఫోన్ చేసింది. బండిని మళ్లీ షెడ్డుకి పంపమన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"అది నీ షెడ్డులో ఆగడం లేదు. నా వాకిట్లో ఆగుతోంది. నా వాకిట్లోకి వచ్చి చూడు" అంది.

సోమవారం చూద్దామన్నాను. ఆదివారం సాయంత్రం రాల్ఫ్‌కి ఊపిరాడక అంబులెన్సులో తీసుకెళ్లారు. సోమవారం పొద్దున ఆమె ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి, కూతురు వచ్చిందనీ, నర్సింగ్ హోమ్‌లు చూస్తోందనీ చెప్పి పెట్టేసింది.

ఇంటికెళ్లి అరుణకి చెప్పాను. ఒక్కసారి తప్పితే ఏమవుతుందని అడిగాను. ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, మనిషి పొడి నేల మీద మునిగిపోతాడు అంది.

కొబ్బరినూనె సీసా

మర్నాడు పొద్దున అరుణ డ్యూటీకి వెళ్లే ముందు తలకి నూనె రాసుకోబోతోంది. చలికాలం కదా, కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టింది. సీసాని వేణ్ణీళ్ల గిన్నెలో పెట్టి, కరిగేలోపు టీ కాస్తోంది. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం నేను చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఏమైందని అడిగింది. గ్రీజు, అన్నాను. పొద్దున్నే ఆ పేరెత్తకు అంది.

సామాన్ల పెట్టె తీసుకుని సూటిగా డొరతీ గారి వాకిటికి వెళ్లాను. ఆమె ఆస్పత్రిలో ఉంది, తాళం పక్కింటివాళ్ల దగ్గర పెట్టింది. బండి రాత్రంతా బయటే ఉంది, అద్దాల మీద మంచు పెచ్చు. తాళం తిప్పాను. కుయ్యిమని ఒట్టి తిరుగుడు. కింద పడుకుని సెల్ఫ్ విప్పి చూస్తే, నేను ప్రేమగా మెత్తిన గ్రీజు కొవ్వొత్తి మైనంలా గట్టిపడి ఉంది. బెండిక్స్ అందులో ఇరుక్కుపోయింది. మోటార్ ఎంత తిరిగినా అది గాడి మీద జారదు, ఇంజన్ని అందుకోదు. హీటర్లున్న షెడ్డులో రెండు గంటలుంటే కరిగిపోతుంది, అప్పుడు అంతా బాగానే ఉంటుంది. చలిలో ఆగే బండిని వేడిలో పరీక్ష చేసి, ముసలావిడ మీద తప్పు తోశాను.

అక్కడే తుడిచేసి, నూనె గుడ్డతో రుద్ది, బిగించేయొచ్చు. ఎవరికీ తెలియదు. పైగా ఎవరికీ దొరకని కారణం నేను పట్టుకున్నానన్న పేరొస్తుంది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధమాడను. వచ్చింది, చాలాసేపు ఉంది కూడా. వెనక సీట్లో రాల్ఫ్ కాళ్ల మీద కప్పుకునే దుప్పటి మడతపెట్టి ఉంది. దాన్ని చూశాక సెల్ఫ్‌ని ఆ గ్రీజుతోనే సంచిలో వేసుకుని షెడ్డుకి వెళ్లాను.

వాల్ట్ బల్ల మీద పెట్టి, అతనికి తెలియకుండా చేసిన పనంతా చెప్పాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అతను వేలితో ఆ గ్రీజు గీరి చూసి, "నాకెందుకు చెబుతున్నావు? చలిలో నిలబడింది నేను కాదు" అన్నాడు.

సాయంత్రం డొరతీ గారింటికి వెళ్లాను. వంటింట్లో ఆమె, కూతురు. నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. మీరు తాళం తప్పుగా తిప్పలేదు, తప్పు నాది అన్నాను. కూతురికి ఒళ్లు మండిపోయింది. మా నాన్న పోయుంటే ఏం చేసేవాడివని అడిగింది. డొరతీ గారు నా క్షమాపణ వంక చూడనైనా లేదు.

"రేపు ఆయన్ని పంపిస్తారు. గురువారం స్టార్ట్ అవుతుందా?" అంది.

అవుతుందన్నాను.

"చెప్పకు. వచ్చి నిలబడు" అంది.

బుధవారం బాగుచేసిన సెల్ఫ్ బిగించాను. గురువారం అయిదుంబావుకే ఆమె వాకిట్లో ఉన్నాను. చలికి చెవులు ఊడిపోతున్నాయి. నా పక్కన వాల్ట్ కూడా ఉన్నాడు, రమ్మని నేను పిలవలేదు. రాల్ఫ్‌ని దుప్పటి కప్పి వెనక కూర్చోబెట్టారు. గుమ్మంలో కూతురు చేతులు కట్టుకుని నిలబడింది. డొరతీ గారు నా చేతికి తాళం ఇవ్వలేదు, తనే కూర్చుని తనే తిప్పింది. కుయ్యిమనలేదు. టక్కున పట్టింది, ఇంజన్ లేచింది. ఆమె నా వంక చూడకుండా గేరు వేసి వెళ్లిపోయింది. రాల్ఫ్ మాత్రం అద్దంలోంచి చెయ్యెత్తాడు. నేను అక్కడే ఏడ్చేశాను. వాల్ట్ ఫ్లాస్కులోంచి నాకు కాఫీ పోసిచ్చాడు.

కూతురు శనివారం కూడా చూసి ఆదివారం వెళ్లిపోయింది. ఆ తర్వాత నర్సింగ్ హోమ్ మాట రాలేదు.

ఫ్రీజర్

ఆ వారమే నేనొక పాత ఫ్రీజర్ కొని షెడ్డులో పెట్టాను. బాగుచేసిన ప్రతి పాత సెల్ఫూ రాత్రికి అందులోకి వెళ్లాలి, పొద్దున తీసిన వెంటనే బల్ల మీద తిప్పి చూడాలి. బెండిక్స్ టక్కున ముందుకి దూకితేనే అది కస్టమర్‌కి వెళుతుంది. షెడ్డులో అందరూ ఐస్‌క్రీం కొట్టు పెట్టానని ఏడిపించారు. నెల తిరిగేసరికి వాల్ట్ తన చేతి సెల్ఫ్‌లు కూడా మాట్లాడకుండా అందులో పెట్టడం మొదలుపెట్టాడు. అతని దగ్గర నాకు దక్కిన మెచ్చుకోలు అదే.

తర్వాత తప్పులు చెయ్యలేదని కాదు. ఒకసారి తొందరలో ఇత్తడి బుష్‌లని కూడా మోటార్‌తో పాటు జిడ్డు వదిలించే సాల్వెంట్‌లో నానబెట్టి కడిగాను. ఆ బుష్‌ల లోహమే నూనె పీల్చుకుని ఉంటుంది, కడిగితే ఆ నూనంతా పోతుంది. పైన చుక్క వేస్తే చాలదు, బిగించే ముందు రాత్రంతా నూనెలో నానాలి. ఆ సెల్ఫ్ మూడు నెలలకే అరుస్తూ తిరిగొచ్చింది. అవతలివాడు నన్ను తిట్టాడు, తిట్టించుకున్నాను. ఇలాంటివి చేతికి తెలిసేదాకా తెలియవు.

తెలిసింది మాత్రం ఇంత. నూనె తక్కువై పాడైన సెల్ఫ్‌లు చూశాను, ఎక్కువై పాడైనవి అంతకంటే ఎక్కువ చూశాను. బండి ఎక్కడ ఆగుతుందో అక్కడికెళ్లి చూడాలి. కస్టమర్‌కి మోటార్ల గురించి తెలియకపోవచ్చు, తన బండి ఎప్పుడు ఎలా అరుస్తుందో మాత్రం మనకంటే బాగా తెలుసు. ఆమె మాట నమ్మి వెళ్లి ఉంటే శనివారమే గ్రీజు కనపడేది.

ఇప్పుడు బటన్ నొక్కే బండ్లు, బ్యాటరీ బండ్లు వచ్చాయి కదా, ఇంకా ఈ పనేమిటని అడుగుతారు. రోడ్డు మీద పాత బండి ఒక్కటున్నా దాన్ని నమ్ముకున్న మనిషి ఒకరుంటారు. పైగా పాతవాటి మీద ప్రేమున్నవాళ్లు ఇప్పుడే ఎక్కువయ్యారు. శ్రావణికి చేతినిండా పనుంది.

శ్రావణి

వరంగల్ అమ్మాయి, ముప్పై నాలుగేళ్లు. భర్త సాఫ్ట్‌వేర్. తను కూడా నాలుగేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి, లేఆఫ్ అయ్యాక కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్ కోర్సు చదివి మా షెడ్డుకి వచ్చింది. వాళ్లత్తగారు ఊళ్లో ఇప్పటికీ కోడలు కంప్యూటర్ ఇంజనీరనే చెబుతుందట. నేను నేర్పినదాన్ని ఈ పిల్ల ఊరికే ఒప్పుకోదు. చుక్క అంటే ఎంత అని అడిగింది. చుక్కంటే చుక్కే అన్నాను. మర్నాడు ఆస్పత్రి సిరంజి తెచ్చి, నా చేతి చుక్కలు ఇరవై కొలిచి, "అంకుల్, మీ చుక్కలు ఒకదానికొకటి పోలిక లేదు" అని తేల్చింది. నాకు కోపమొచ్చింది. ఇప్పుడు షెడ్డులో అందరూ సిరంజే వాడుతున్నారు, అందులోనూ న్యాయముంది.

రాల్ఫ్ ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. తన ఇంట్లో, తన మంచం మీదే పోయాడు. బండి అమ్మేస్తుందేమో అనుకున్నాను. డొరతీ గారు అమ్మలేదు. డయాలిసిస్ దగ్గర కూర్చుని కూర్చుని అక్కడ బండి లేనివాళ్లెందరో ఆమెకి తెలుసు. అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు ఎవరో ఇద్దర్ని ఎక్కించుకుని వెళుతూనే ఉంది. ఎనభై దాటినా మానలేదు.

సెల్‌ఫోన్ కొన్నాక ఆమె ఒక అలవాటు పెట్టుకుంది. ఏటా గడ్డకట్టే చలి మొదలైన మొదటి పొద్దున నాకు ఫోన్ చేస్తుంది. హలో అనదు. ఫోన్ పక్కన పెట్టి తాళం తిప్పుతుంది. సెల్ఫ్ పట్టి ఇంజన్ లేచిన చప్పుడు వినిపించి పెట్టేస్తుంది. నన్ను క్షమించానని ఆమె ఏనాడూ నోటితో అనలేదు, ఏటా ఇదే వినిపించింది.

పోయిన శరదృతువులో ఆ సెల్ఫ్ మళ్లీ బాగుచెయ్యాల్సి వచ్చింది. నేను మానేశాను కదా, శ్రావణే చేసింది. ఏటా వచ్చే ఫోన్ సంగతి తప్ప ఆ బండి కథంతా చెప్పాను. ఫ్రీజర్లో పెట్టావా అని రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను. మూడోసారి నా ఫోన్ ఎత్తలేదు.

డిసెంబర్‌లో మొదటిసారి గడ్డకట్టే చలి పడిన రోజు, మంగళవారం. అయిదింటికే లేచి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అయిదున్నరైంది, ఆరైంది, మోగలేదు. ఏడు కూడా అయింది. ఆమె చెయ్యకపోతే నేనే చెయ్యొచ్చు. కానీ బండి ఆగిపోయిందని వినే ధైర్యం లేకపోయింది. అరుణ కోప్పడి కారు తాళాలు చేతికిచ్చింది. షెడ్డుకి వెళ్లాను.

శ్రావణి బల్ల దగ్గర ఉంది. డొరతీ గారి బండి సంగతేమైనా తెలిసిందా అని అడిగాను.

"పొద్దుగాల నాకు ఫోన్ చేసింది అంకుల్. ఏం మాట్లాడలే. బండి స్టార్ట్ చేసి వినిపిచ్చి పెట్టేసింది. ఎందుకట్ల చేసింది?"

నాకు ముందు కుళ్లు పుట్టింది, దాచను. పద్దెనిమిదేళ్లు నాకొచ్చిన ఫోన్ అది. ఆ తర్వాత అర్థమైంది, ఈసారి ఆ సెల్ఫ్ చేసిన చెయ్యి శ్రావణిది. ఎందుకో సాయంత్రం చెబుతానన్నాను. శ్రావణి సరేనని ఫ్రీజర్ తెరిచి, రాత్రి పెట్టిన సెల్ఫ్ తీసి బల్ల మీద బిగించింది. తీగలు తగిలించి, నన్ను వినమంది.